ఈస్ట్ ఎంజైముల స్రావం – వ్యాధికారణత: ఒక శాస్త్రభావన చరిత్ర (1839–2016)

వ్యాససంగ్రహం

మానవశరీరంలో వ్యాధి కలిగించే ఈస్ట్‌లు కొన్ని ఎంజైములను కణం వెలుపలికి స్రవిస్తాయి. ఆ స్రావానికీ వ్యాధికీ ఉన్న సంబంధం ఎటువంటిదన్న ప్రశ్నకు 1960ల నుంచి నేటివరకు శాస్త్రలోకం ఒకదానినొకటి సవరించుకొనే సమాధానాలను ఇస్తూ వచ్చింది. కాండిడా ఆల్బికాన్స్, క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్ అనే రెండు ఈస్ట్‌లపై జరిగిన పరిశోధనల చరిత్రను ఆధారం చేసుకొని, ‘కలిసి కనిపించడం’ అనే దశ నుంచి ‘కారణమని నిరూపించడం’ అనే దశకు సాగిన ప్రయాణాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ పరిశీలనకు న్యాయశాస్త్రంలోని అన్వయ, వ్యతిరేక, అన్యథాసిద్ధ భావనలు ఎలా తోడ్పడతాయో, తెలుగు శాస్త్రపరిభాషలో ‘కారకం’ అన్న మాటను ఎందుకు జాగ్రత్తగా వాడవలసి ఉందో వివరించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఈస్ట్, ఎంజైము, స్రావం, కాండిడా, క్రిప్టోకాకస్, వ్యాధికారణత, అన్వయ వ్యతిరేకాలు, శాస్త్రచరిత్ర, పరిభాష.

1. ఉపోద్ఘాతం

పసిపిల్లల నాలుకపై పాలమీగడలా కట్టే తెల్లని పూత, మధుమేహం ఉన్నవారిలో చర్మపు ముడతల నడుమ వచ్చే ఎర్రదనం, తీవ్రచికిత్సా విభాగంలో ఉన్న రోగి రక్తంలోకి చొరబడి ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్ – ఈ మూడింటినీ కలిగించగల జీవి ఒకటే ఉంది. దాని పేరు కాండిడా ఆల్బికాన్స్. అదే జీవి ఆరోగ్యవంతుల నోటిలోను, పేగులలోను ఏ హానీ చేయకుండా జీవితాంతం ఉండగలదు. ఇంటిలో ఒదిగి ఉన్నది ఎప్పుడు, దేనివల్ల శత్రువు అవుతుంది? ఈ ప్రశ్నకు చాలాకాలం ప్రముఖంగా వినిపించిన సమాధానం: అది స్రవించే ఎంజైముల వల్ల.

ఈ సమాధానం పాఠ్యపుస్తకాలలోకి, విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలలోకి స్థిరపడిన సత్యంగా ప్రవేశించింది. కాని దాని వెనుక ఉన్న చరిత్ర అంత సరళమైనది కాదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 శిలీంధ్రాలతో వ్యాధికారకాల ప్రాధాన్య జాబితాను ప్రకటించి, అందులో నాలుగింటిని అత్యంత కీలక వర్గంలో చేర్చింది. ఆ నాలుగింటిలో కాండిడా ఆల్బికాన్స్, క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్ రెండూ ఉన్నాయి. ఔషధం దేనిపై పనిచేయాలో నిర్ణయించడానికి ముందు వ్యాధికి కారణం ఏదో తేల్చుకోవాలి. అందువల్ల ‘ఎంజైము కారణమా, కాదా’ అన్నది కేవలం తార్కిక చర్చ కాదు, చికిత్సకు సంబంధించిన ప్రశ్న.

కారణాన్ని గుర్తించే పద్ధతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. తెలుగువాడని పరంపర చెప్పే అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో కారణాన్ని, కరణాన్ని, కార్యాన్ని వేరువేరుగా నిర్వచించాడు. ఒకటి ఉన్నచోట మరొకటి ఉండడం అన్వయం; ఒకటి లేనిచోట మరొకటి లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ కుదిరినట్లు కనిపించినా సరిపోదు. కుండకు ముందు మట్టి మోసిన గాడిద కూడా ఉంటుంది; అయినా అది కుండకు కారణం కాదు, అన్యథాసిద్ధం. మట్టిని మరొక విధంగా తెచ్చినా కుండ తయారవుతుంది. ఈ మూడు భావనలనూ గుర్తుంచుకొని ఈస్ట్ ఎంజైముల చరిత్రను చూస్తే, ఆ చరిత్రలోని మలుపులు స్పష్టమవుతాయి.

2. తొలి పొరపాటు, తొలి నిరూపణ

1839లో జర్మన్ వైద్యుడు బెర్న్‌హార్డ్ లాంగెన్‌బెక్ టైఫస్ జ్వరంతో మరణించిన రోగి అన్నవాహికలో ఒక శిలీంధ్రాన్ని గమనించి వర్ణించాడు. నేడు కాండిడాగా గుర్తిస్తున్న జీవికి అది తొలి వర్ణనలలో ఒకటి. అయితే ఆయన ఆ శిలీంధ్రమే టైఫస్‌కు కారణం కావచ్చునని భావించాడు. వ్యాధిగ్రస్తుని శరీరంలో కనిపించినది వ్యాధికి కారణమై ఉండాలన్న ఊహ అది. ఈ శిలీంధ్రపు పరిశోధనా చరిత్ర ఒక అన్యథాసిద్ధాన్ని కారణంగా భ్రమించడంతోనే మొదలైందని చెప్పవచ్చు.

తరువాతి దశాబ్దంలో స్వీడన్ వైద్యుడు ఫ్రెడ్రిక్ బెర్గ్ శిశువుల నోటిపూతకు శిలీంధ్రమే కారణమని వాదించి, 1846లో దానిపై గ్రంథం ప్రకటించాడు. పూతలోని పదార్థాన్ని ఆరోగ్యవంతులైన శిశువుల నోటికి అంటించి, వారికీ పూత రావడాన్ని ఆయన చూపాడు. నేటి వైద్యనీతి ఎంతమాత్రం అంగీకరించని ప్రయోగమిది. పద్ధతి దృష్టితో చూస్తే మాత్రం, గమనించి ఊహించడం నుంచి ప్రయోగించి నిరూపించడానికి జరిగిన మార్పు ఇందులో కనిపిస్తుంది.

శిలీంధ్రపు పేరు కూడా పలుమార్లు మారింది. 1853లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రోబిన్ దీనిని ఆయిడియం ఆల్బికాన్స్ అన్నాడు. 1890లో జోఫ్ మొనీలియా ఆల్బికాన్స్ అన్నాడు. 1923లో డచ్ శాస్త్రవేత్త్రి క్రిస్టీన్ బెర్కౌట్ కాండిడా అనే ప్రజాతిని ఏర్పరిచింది. లాటిన్‌లో కాండిడా అంటే తెల్లనిది, ఆల్బికాన్స్ అంటే తెల్లబారుతున్నది. పేరు రెండు సార్లు తెలుపునే చెబుతుంది. ఆనాటివరకు ఆ జీవి రూపమే శాస్త్రవేత్తలకు ముఖ్యం. అది ఏం చేస్తుందన్న ప్రశ్న ఇంకా ముందుకు రాలేదు.

3. ‘ఎంజైము’, ‘స్రావం’ అనే భావనలు

ఎంజైము అన్న మాటకు గ్రీకులో ‘ఈస్ట్‌లో ఉన్నది’ అని అర్థం. 1870ల చివరిభాగంలో జర్మన్ శరీరధర్మశాస్త్రవేత్త విల్‌హెల్మ్ క్యూనే ఈ మాటను ప్రవేశపెట్టాడు. పులియడానికి సజీవకణం తప్పనిసరి అన్నది లూయీ పాశ్చర్ అభిప్రాయం. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్‌ను నూరి తీసిన, కణాలు లేని రసం కూడా చక్కెరను పులియజేస్తుందని చూపాడు. ఈ పరిశోధనకు ఆయనకు 1907లో నోబెల్ బహుమతి లభించింది. కణంలో జరిగే పనిని ఒక నిర్దిష్ట పదార్థానికి ఆపాదించే ఆలోచన దీనితో బలపడింది. ‘జీవి చేస్తోంది’ అనే చోట ‘జీవిలోని ఫలానా పదార్థం చేస్తోంది’ అనడం సాధ్యమైంది. వ్యాధి విషయంలోనూ ఇటువంటి ప్రశ్న అడగడానికి ఇక్కడే దారి ఏర్పడింది.

ఈస్ట్ కణానికి దళసరి కుడ్యం ఉంటుంది. పెద్ద ఆహారకణాలను అది మింగలేదు. అందువల్ల ఎంజైమును వెలుపలికి పంపి, ఆహారాన్ని బయటనే విచ్ఛిన్నం చేసి, చిన్న అణువులను లోపలికి తీసుకొంటుంది. మనం కడుపులో చేసే పనిని అది ఒంటి బయట చేస్తుందన్నమాట. ఎంజైము కణంలో ఎక్కడ తయారై, ఏ దారిన బయటికి వెళ్తుందో తెలియడానికి రొట్టెల ఈస్ట్ తోడ్పడింది. 1979లో పీటర్ నోవిక్, రాండీ షెక్‌మన్ ఒక ఉత్పరివర్తిత రకాన్ని గుర్తించారు. ఉష్ణోగ్రత పెంచినప్పుడు ఆ రకంలో ఎంజైములు బయటికి పోలేక, చిన్న సంచులలో లోపలే పోగుపడ్డాయి. ఆ మార్గాన్ని నియంత్రించే జన్యువులను గుర్తించినందుకు షెక్‌మన్ 2013లో నోబెల్ బహుమతిని పంచుకొన్నాడు.

స్రావం ఈస్ట్‌లకు సహజమైన జీవనక్రియ అని, హాని చేయని ఈస్ట్ కూడా స్రవిస్తుందని దీనివల్ల తెలుస్తుంది. కాబట్టి స్రావం ఉండడమే వ్యాధిజనకశక్తికి నిదర్శనం కాజాలదు.

4. పళ్ళెంలో వలయం: అన్వయదశ

ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలం వరకు కాండిడా వైద్యులను పెద్దగా కలవరపెట్టలేదు. విస్తృతప్రభావం గల యాంటీబయాటిక్‌లు వచ్చాక పరిస్థితి మారింది. 1948లో ప్రకటితమైన ఆరియోమైసిన్ వాటిలో తొలితరానిది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యం వహించిన లెడర్లీ పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్నాడు. సుబ్బారావు గౌరవార్థం ఒక శిలీంధ్రప్రజాతికి 1953లో సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టడం తెలుగువారికి గర్వకారణం. ఆ ఔషధాలు లక్షలాది ప్రాణాలను కాపాడాయి. అదే సమయంలో పేగులలో కాండిడాను అదుపులో ఉంచే బాక్టీరియాను తొలగించి, అది విజృంభించడానికి అవకాశం కూడా ఇచ్చాయి. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ ప్రకటించిన నిస్టాటిన్ అనే శిలీంధ్రనాశకం సరిగ్గా అవసరమైన కాలానికే అందివచ్చింది.

ఈ నేపథ్యంలో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ స్టైబ్ 1965లో ఒక ముఖ్యమైన పరిశీలనను ప్రకటించాడు. రక్తరసిలోని ప్రొటీన్లను నత్రజని ఆధారంగా ఇచ్చినప్పుడు, కాండిడా ఆల్బికాన్స్ వాటిని విచ్ఛిన్నం చేసి పెరగగలదని ఆయన చూపాడు. 1968లో రెమోల్డ్, ఫాసోల్డ్, స్టైబ్ ఆ ఎంజైమును శుద్ధిచేసి వర్ణించారు. 1969లో స్టైబ్ ప్రకటించిన వ్యాసం శీర్షికలోనే ప్రొటీన్ విచ్ఛేదనం, వ్యాధిజనకశక్తి రెండూ పక్కపక్కన నిలిచాయి.

ఈ పరీక్షలు సులభమైనవి. ఆల్బుమిన్ కలిపిన యానకంపై ఈస్ట్‌ను పెంచి రంగు వేస్తే, ఎంజైము పనిచేసినంత మేర శిలీంధ్రసముదాయం చుట్టూ రంగు పట్టని వలయం కనిపిస్తుంది. 1982లో ప్రైస్, ఆయన సహచరులు కోడిగుడ్డు పచ్చసొన కలిపిన యానకంతో ఫాస్ఫోలైపేజ్ అనే మరో ఎంజైమును గుర్తించే పద్ధతిని ప్రకటించారు. ఇందులో సముదాయం చుట్టూ తెల్లని అవక్షేపవలయం ఏర్పడుతుంది. సముదాయపు వ్యాసాన్ని వలయంతో కలిపిన వ్యాసంతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. అది ఒకటి అయితే ఎంజైము స్రావం లేదు. తగ్గినకొద్దీ స్రావం ఎక్కువ. ఖరీదైన పరికరాలు అవసరం లేని ఈ పద్ధతి సాధారణ కళాశాలల ప్రయోగశాలలకు సైతం అందుబాటులోకి వచ్చింది.

ఈ సౌలభ్యంలోనే ప్రమాదమూ ఉంది. రోగుల నుంచి తీసిన రకాలలో వలయం పెద్దదిగా ఉండడం అన్వయం మాత్రమే. వలయం పెద్దదైన రకం వేగంగా పెరిగేది కావచ్చు, తంతువులను ఎక్కువగా ఏర్పరిచేది కావచ్చు, కణజాలానికి గట్టిగా అతుక్కొనేది కావచ్చు. పళ్ళెంలోని వలయం ‘ఈ రకం ఈ పరిస్థితిలో ఈ ఎంజైమును స్రవిస్తుంది’ అని చెబుతుంది. ‘ఈ రకం ఈ ఎంజైము వల్లనే వ్యాధి కలిగించింది’ అని చెప్పదు.

5. ఎంజైము లేని ఈస్ట్: వ్యతిరేకదశ

అన్వయం తరువాత వ్యతిరేకాన్ని పరీక్షించాలి. ఎంజైము లేకపోతే వ్యాధి తగ్గుతుందా? 1983లో మెక్‌డొనాల్డ్, ఫ్రాంక్ ఆడ్స్ ప్రొటీన్ విచ్ఛేదక ఎంజైమును స్రవించే రకాన్ని, ఆ శక్తి లోపించిన ఉత్పరివర్తిత రకాన్ని ఎలుకలలో పోల్చి చూశారు. లోపమున్న రకంలో వ్యాధితీవ్రత తగ్గింది. 1985లో జూన్ క్వాన్-చుంగ్, ఆమె సహచరులు మరో అడుగు ముందుకు వేశారు. వారు ఎంజైము కోల్పోయిన రకంతోపాటు, ఆ శక్తిని తిరిగి పొందిన రకాన్ని కూడా పరీక్షించారు. ఎంజైము తిరిగి వచ్చినప్పుడు తీవ్రత కూడా తిరిగి పెరిగింది.

1988లో అమెరికన్ సూక్ష్మజీవశాస్త్రవేత్త స్టాన్లీ ఫాల్కో ఈ తర్కానికి ఒక క్రమరూపం ఇచ్చాడు. రాబర్ట్ కోక్ సూక్ష్మజీవికి, వ్యాధికి ఉన్న సంబంధాన్ని నిరూపించడానికి పెట్టిన నియమాలను ఫాల్కో జన్యువు స్థాయికి తెచ్చాడు. ఆ లక్షణం వ్యాధికారక రకాలలో కనిపించాలి. దాని జన్యువును నిర్దిష్టంగా నిష్క్రియం చేస్తే తీవ్రత తగ్గాలి. ఆ జన్యువును తిరిగి చేరిస్తే తీవ్రత తిరిగి రావాలి. మొదటిది అన్వయం, రెండవది వ్యతిరేకం. మూడవది అన్యథాసిద్ధాన్ని తొలగించే పరీక్ష.

1983, 1985 నాటి రకాలకు ఒక పరిమితి ఉంది. అవి ఒక జన్యువును గురిచూసి మార్చినవి కావు, యాదృచ్ఛికంగా కలిగించిన మార్పులతో ఏర్పడినవి. ఎంజైముతోపాటు మరేదైనా మారిందా అన్న సందేహం వాటిని వీడలేదు.

6. ఒక ఎంజైము కాదు, ఒక కుటుంబం

జన్యువును గురిచూసి తొలగించడం కాండిడా విషయంలో కష్టమైన పని. ఇది ద్వయస్థితిక జీవి. ప్రతి జన్యువుకు రెండు ప్రతులుంటాయి. రెండింటినీ తొలగించాలి. 1993లో ఫాంజీ, ఇర్విన్ ఒక పద్ధతిని ప్రకటించారు. యురాసిల్ తయారీకి అవసరమైన యూరా3 అనే జన్యువును గుర్తుగా వాడి, ఒక ప్రతి తరువాత మరొకదానిని తొలగించే వీలు దీనివల్ల కలిగింది.

ఈలోగా మరో సంగతి బయటపడింది. స్టైబ్ ఒక ఎంజైముగా భావించినది నిజానికి ఒక కుటుంబం. 1989 నుంచి 1990ల చివరిదాకా సాగిన పరిశోధనలలో ‘శాప్’ అని పిలిచే పది జన్యువులు తెలియవచ్చాయి. అవి స్రవిత ఆస్పార్టిక్ ప్రొటియేజ్‌లను తయారుచేస్తాయి. కొల్లాజెన్, మ్యూసిన్, రక్తంలోని హీమోగ్లోబిన్, శ్లేష్మపొరలను కాపాడే ఇమ్యునోగ్లోబులిన్-ఏ వంటి వాటిని ఇవి ఛేదించగలవు. వీటిలో కొన్ని గుండ్రని ఈస్ట్ రూపంలోను, మరికొన్ని తంతురూపంలోను ఎక్కువగా వ్యక్తమవుతాయి. తొమ్మిదవది, పదవది స్వేచ్ఛగా బయటికి పోక కణం ఉపరితలానికే అంటిపెట్టుకొని ఉంటాయి.

1997లో హూబ, సాంగ్లార్ మొదలైనవారి బృందాలు ముఖ్యమైన ఫలితాలను ప్రకటించాయి. శాప్1, శాప్2, శాప్3లను విడివిడిగా తొలగించినప్పుడు, అలాగే శాప్4, శాప్5, శాప్6లను కలిపి తొలగించినప్పుడు జంతువులలో తీవ్రత తగ్గింది. 1998లో లైడిచ్, ఘన్నూమ్ మొదలైనవారు ఫాస్ఫోలైపేజ్-బి జన్యువు విషయంలోనూ ఇటువంటి ఫలితాన్నే చూపారు.

ఎయిడ్స్ చికిత్స కూడా ఈ వాదానికి బలం ఇచ్చినట్లు కనిపించింది. 1981లో అమెరికాలో వెలువడిన, ఆ వ్యాధిని గురించిన తొలి నివేదికలోని ఐదుగురు రోగులకూ కాండిడా ఇన్ఫెక్షన్ ఉంది. 1990ల మధ్యలో సాక్వినావిర్, రిటోనావిర్, ఇండినావిర్ వంటి మందులు వచ్చాయి. అవి హెచ్.ఐ.వి. ప్రొటియేజ్‌ను నిరోధిస్తాయి, అది కూడా ఆస్పార్టిక్ ప్రొటియేజ్ వర్గానికి చెందినదే. ఈ మందులు కాండిడా శాప్ ఎంజైములను కూడా నిరోధించగలవని 1999లో పలు బృందాలు ప్రయోగశాలలో చూపాయి. మందు వాడిన రోగులలో నోటిపూత తగ్గడానికి ఇది ఒక కారణం కావచ్చుననే ఆలోచన వచ్చింది. అయితే అదే మందు రోగనిరోధకశక్తి కోలుకోవడానికీ తోడ్పడుతుంది. అప్పుడు తగ్గుదలకు కారణం ఏది? రెండు కారణాలు ఒకేసారి పనిచేసే చోట అన్వయం ఒక్కటే తీర్పు చెప్పలేదు.

7. గుర్తుగా వాడిన జన్యువే దోషి: అన్యథాసిద్ధ దశ

శతాబ్దం మారేనాటికి ఈ పద్ధతిపైనే అనుమానాలు మొదలయ్యాయి. ఎంజైము జన్యువును తొలగించి ఆ స్థానంలో యూరా3 గుర్తును ఉంచుతారు. యూరా3 తన సహజస్థానంలో లేనప్పుడు తగినంతగా వ్యక్తం కాకపోవచ్చు. అప్పుడు యురాసిల్ కొరతవల్ల ఈస్ట్ బలహీనపడుతుంది. ఎలుకలో వ్యాధి తగ్గుతుంది. తగ్గుదలను పరిశోధకుడు ఎంజైము లోపానికి ఆపాదిస్తాడు. 2003లో స్టాబ్, సుండ్‌స్ట్రోమ్, 2004లో బ్రాండ్, ఆమె సహచరులు ఈ సమస్యను స్పష్టంగా చర్చించారు. యూరా3ను ఒక నిర్దిష్టస్థానంలో తిరిగి ఉంచి అన్ని రకాలనూ సమానం చేయాలని సూచించారు. మట్టి మోసిన గాడిదను కుండకు కారణంగా లెక్కించే ప్రమాదం ఇక్కడ ఎదురైంది. ఆ ప్రమాదాన్ని పరిశోధకులే గుర్తించి, తమ లెక్కను తామే సవరించుకొన్నారు.

ఈ లోపం లేని కొత్త పద్ధతితో శాప్ జన్యువులను తిరిగి తొలగించి చూసినప్పుడు ఫలితాలు భిన్నంగా వచ్చాయి. 2008లో లెర్మన్, మోర్ష్‌హాయిజర్ ప్రయోగశాలలో నిర్మించిన మానవ ఉపకళాకణజాలంలోకి కాండిడా చొచ్చుకుపోవడానికి ఈ ఎంజైములు తప్పనిసరి కావని చూపారు. 2010లో కొరేయా, ఆమె సహచరులు శాప్1 నుంచి శాప్6 వరకు ఉన్న ఎంజైములకు ఎలుకల రక్తగత ఇన్ఫెక్షన్‌లో పరిమితమైన పాత్ర మాత్రమే ఉందని తేల్చారు.

దీనినిబట్టి ఎంజైములు నిష్ప్రయోజనమని భావించరాదు. ఒకదాని లోటును మరొకటి పూరించగల కుటుంబం అది. నోటిలో, యోనిమార్గంలో, రక్తంలో పరిస్థితులు వేరు, ఆమ్లత వేరు, అందుబాటులో ఉండే ఆహారం వేరు. ఒకచోట అవసరమైనది మరొకచోట అవసరం లేకపోవచ్చు. మారినది ప్రశ్న: ‘ఎంజైము కారణమా?’ అన్నదానికి బదులు ‘ఏ ఎంజైము, ఏ అవయవంలో, ఏ దశలో, ఎంత మేరకు?’ అని అడగవలసి వచ్చింది.

8. వలిసె గింజలు, గోధుమరంగు: పోల్చదగిన మరో చరిత్ర

కాండిడా ఎంజైముపై పరిశోధన చేసిన స్టైబే అంతకు మూడేళ్ళ ముందు, 1962లో, మరో ఈస్ట్ గురించి ఒక ఆసక్తికరమైన సంగతిని ప్రకటించాడు. అది క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్. 1894లో ఇటలీలో సాన్ఫెలీచే పీచ్ పండ్ల రసం నుంచి, అదే ఏట జర్మనీలో బుస్సే, బుష్కే రోగి ఎముక వ్రణం నుంచి దీనిని వేరుచేశారు. 1955లో చెస్టర్ ఎమ్మన్స్ పావురాల రెట్టలలో దీని ఉనికిని చూపాడు. రోగనిరోధకశక్తి తగ్గినవారిలో ఇది ఊపిరితిత్తుల నుంచి మెదడు పొరలను చేరి ప్రాణాంతకమవుతుంది.

పెంపుడు పక్షులకు మేతగా వేసే గ్వైజోషియా అబిసినికా గింజలతో చేసిన యానకంపై ఈ ఈస్ట్ గోధుమరంగుకు మారుతుందని స్టైబ్ గమనించాడు. ఇతర ఈస్ట్‌లు ఆ రంగును సాధారణంగా ఇవ్వవు. ఈ గింజలు మనకు అపరిచితమైనవి కావు. విశాఖ మన్యంలో, ముఖ్యంగా అరకు లోయలో, చలికాలం మొదట్లో కొండవాలులను పసుపుమయం చేసే వలిసె పూల పంట ఇదే. ఆ గింజలోని కెఫియిక్ ఆమ్లంపై ఈస్ట్‌లోని ఫీనాలాక్సిడేజ్ పనిచేయడంవల్ల మెలనిన్ వర్ణకం ఏర్పడుతుందని తరువాత తెలిసింది. ఆ ఎంజైము లాకేజ్ వర్గానికి చెందినది. లాకేజ్ చరిత్ర 1883లో యోషిదా అనే జపాన్ శాస్త్రవేత్త లక్క చెట్టు పాలపై చేసిన పరిశీలనతో మొదలవుతుంది.

రోగనిర్ధారణకు ఉపయోగపడిన ఆ రంగు వ్యాధికి కూడా కారణమా? 1982లో రోడ్స్, పొలాచెక్, క్వాన్-చుంగ్ ఈ ఎంజైము లేని రకాలు ఎలుకలలో తక్కువ తీవ్రత చూపుతాయని ప్రకటించారు. 1996లో సాలాస్, విలియమ్‌సన్ మొదలైనవారు లాకేజ్ జన్యువును తొలగించి చూపిన ఫలితం దీనిని బలపరిచింది. శ్వేతకణాలు ప్రయోగించే ఆక్సీకరణ ఆయుధాల నుంచి మెలనిన్ ఈస్ట్‌ను కాపాడుతుంది. 2001లో ఈ లాకేజ్ ప్రధానంగా కణకుడ్యంలో ఉంటుందని తేలింది. 2007, 2008 సంవత్సరాలలో రోడ్రిగ్స్ మొదలైనవారు ఈ ఈస్ట్ చిన్న సంచులను కణం వెలుపలికి పంపుతుందని, వాటిలో లాకేజ్, యూరియేజ్ వంటివి ఉంటాయని చూపారు. స్రావమంటే ఎంజైము ఒక్కటే బయటికి కారడం కాదని, సంచులలో కట్టి పంపడం కూడా స్రావమేనని భావన విస్తరించింది.

యూరియేజ్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. 2000లో కాక్స్, ఆయన సహచరులు యూరియేజ్ లేని రకం ఎలుకలలో తక్కువ తీవ్రత చూపుతుందని, కుందేళ్ళ మెదడుపొరల ఇన్ఫెక్షన్‌లో మాత్రం తేడా లేదని తెలిపారు. 2004లో ఓల్షెవ్‌స్కీ మొదలైనవారు ఈ ఎంజైము ఈస్ట్ రక్తకేశనాళికలలో చిక్కుకొని మెదడులోకి చేరడానికి తోడ్పడుతుందని చూపారు. ఈస్ట్‌ను నేరుగా గమ్యంలో ఉంచితే అవసరం లేని ఎంజైము, అక్కడికి చేరే దారిలో అవసరమవుతుంది. కారణత్వం ఎంజైములో మాత్రమే ఉండదు. వ్యాధి ఏ మెట్టులో ఉందన్న దానిపై కూడా ఆధారపడుతుంది.

9. తన ప్రొటీన్‌ను తానే కోసుకొనే ఎంజైము (2016)

కాండిడా కణజాలాన్ని ఎలా గాయపరుస్తుందన్న ప్రశ్నకు 2016లో అనుకోని దిశ నుంచి సమాధానం వచ్చింది. 1993లో బర్స్, సిఫర్డ్ మొదలైనవారు తంతువులు సాగుతున్నకొద్దీ ఎక్కువగా వ్యక్తమయ్యే ఈసీఈ1 అనే జన్యువును గుర్తించారు. దానిని తొలగించినా తంతువుల రూపంలో మార్పు కనిపించలేదు. చాలాకాలం దాని పని ఏమిటో తెలియలేదు. 2016లో మోయెస్, నాగ్లిక్, హూబ మొదలైనవారు ఆ జన్యువు నుంచి 31 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్ తయారై బయటికి వస్తుందని, అది ఉపకళాకణాల పొరను దెబ్బతీస్తుందని చూపారు. దానికి కాండిడాలైసిన్ అని పేరు పెట్టారు.

కాండిడాలైసిన్ ఎంజైము కాదు, విషం. అయితే అది పెద్ద ప్రొటీన్‌లో భాగంగా తయారవుతుంది. కణం లోపలి స్రావమార్గంలో ఉండే కెక్స్2 అనే ప్రొటియేజ్ ఆ ప్రొటీన్‌ను ఛేదిస్తేనే విషం విడివడుతుంది. ఎంజైము మన కణజాలాన్ని కోయడం వల్లనే వ్యాధి అని వెదికిన చోట, ఈస్ట్ తన ప్రొటీన్‌ను తానే కోసే ఎంజైము కీలకమని తేలింది. పాత ప్రశ్నలో ఎంజైము ఉంది, కోయడం ఉంది, స్రావం ఉంది. అవి నిలిచిన స్థానాలు మాత్రం మారాయి.

10. ముగింపు

ఈ పరిశీలనవల్ల కింది అంశాలను గుర్తించవచ్చు.

మొదటిది: లాంగెన్‌బెక్ శవంలో చూసిన శిలీంధ్రం, స్టైబ్ పళ్ళెంలో చూసిన విచ్ఛేదనం, 1997 నాటి ఎలుకలలో కనిపించిన తగ్గుదల మూడూ నిజమైన పరిశీలనలే. తేడా వాటి నుంచి చేసిన అనుమానంలో ఉంది. శాస్త్రం ముందుకు సాగింది పరిశీలనలను తోసిపుచ్చి కాదు, వాటి నుంచి చేసిన అనుమానాలను సవరించుకొని.

రెండవది: పళ్ళెంపై వలయాన్ని కొలిచే పరీక్షకు నేటికీ విలువ ఉంది. కాని దానిని ఆధారం చేసుకొని విద్యార్థులు రాసే వాక్యం ‘ఈ రకంలో స్రావం ఎక్కువగా ఉంది’ అనేంతవరకే ఉండాలి. ‘అందువల్ల ఇది తీవ్రమైన వ్యాధి కలిగిస్తుంది’ అనడానికి వ్యతిరేకపరీక్ష, జన్యువును తిరిగి చేర్చే పరీక్ష రెండూ కావాలి. ఈ తేడాను చూపడం మార్గదర్శకుల బాధ్యత.

మూడవది పరిభాషకు సంబంధించినది. తెలుగులో ఇటువంటి ఎంజైములను ‘తీవ్రతాకారకాలు’ అంటున్నాం. వాడుకలో కారకం అంటే కలిగించేది అనే అర్థం. నిరూపణ జరగకముందే పేరులోనే తీర్పు చెప్పినట్లవుతోంది. న్యాయశాస్త్రంలో ప్రధానకారణంతో కలిసి పనిచేసేదానిని సహకారి అంటారు. పూర్తిగా నిరూపితం కాని సందర్భాలలో ‘తీవ్రతాసహకారి’ అనే మాటను పరిశీలించవచ్చునని ఈ వ్యాసరచయిత భావన. శాప్ ఎంజైముల విషయంలో నేటి అవగాహనకు ఆ మాట ఎక్కువ దగ్గరగా ఉంటుంది.

వ్యాధికి కర్త ఈస్ట్ ఒక్కటే కాదు. యాంటీబయాటిక్ వాడకం, మధుమేహం, తగ్గిన రోగనిరోధకశక్తి వంటివి దానికి అవకాశం కల్పిస్తాయి. ఎంజైము ఆ క్రియలో కరణం. అదీ కొన్ని చోట్ల, కొన్ని దశలలో. కర్తను, కరణాన్ని, సహకారిని వేరుచేసి చూడగలిగినప్పుడే మందు దేనిపై పనిచేయాలో తెలుస్తుంది. ఆ విచక్షణకు అవసరమైన మాటలు మన భాషలో చాలాకాలంగా ఉన్నాయి. వాటిని విజ్ఞానశాస్త్ర బోధనలో తగినచోట వాడుకోవడం తెలుగు అధ్యాపకులు, విజ్ఞానశాస్త్ర అధ్యాపకులు కలిసి చేయవలసిన పని.